దారాన్ని వదిలే పిన్ను: తెనాలి, బాపట్ల, రేపల్లె పాత కుట్టు మిషన్ల కథ

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకో చిన్న పని. మీ ఇంట్లో కుట్టు మిషను ఉంటే దాని దగ్గరికి వెళ్లండి. లేకపోతే పక్కింటి ఆంటీని అడగండి, ఏమీ అనుకోరు. మిషను ఫుట్ కిందకి దించి పైదారాన్ని మెల్లగా లాగండి. బిగువుగా వస్తుంది. ఇప్పుడు వెనకాల లివర్ తిప్పి ఫుట్ పైకెత్తి, అదే దారం మళ్లీ లాగండి. సర్రున జారిపోతుంది.

చాలామంది రోజూ మిషను కుడతారు గానీ ఈ తేడా ఎందుకు వస్తుందో ఎప్పుడూ ఆలోచించి ఉండరు. నేను కూడా ఆలోచించలేదు, మా పెద్దమ్మ మిషను పాడుచేసేదాకా.

ఆ తేడాకి కారణం అగ్గిపుల్లంత పొడవు కూడా లేని ఒక ఇనప పిన్ను. దీన్ని టెన్షన్ రిలీజ్ పిన్ను అంటారు. ఇవాళ దాని కథ చెప్తాను. ఈ కథలో స్కాట్లండ్ ఉంది, లూధియానా ఉంది, కృష్ణా కాలవలున్నాయి, గాంధీగారున్నారు. చివర్లో మీ ఇంట్లో మిషను ఎలా చూసుకోవాలో కూడా చెప్తాను. స్కిప్ చెయ్యకండి.

ముందు పిన్ను ఏం చేస్తుందో చూద్దాం

మనకి టెన్షన్ ఉంటే బాధ. మిషనుకి టెన్షన్ లేకపోతే బాధ. మిషను కుట్టులో రెండు దారాలుంటాయి. పైన రీలు నుంచి వచ్చేది ఒకటి, కింద బాబిన్ నుంచి వచ్చేది ఇంకోటి. రెండూ గుడ్డ మందం మధ్యలో ఒకదాన్నొకటి పెనవేసుకోవాలి. దీన్నే లాక్ స్టిచ్ అంటారు. పైదారం మరీ లూజుగా ఉంటే కింద ఉండలు కడుతుంది. మరీ బిగువైతే తెగుతుంది, లేదా బాబిన్ దారం పైకి వచ్చేస్తుంది.

ఆ బిగువు ఇచ్చేవి రెండు గుండ్రటి బిళ్లలు. వాటి మధ్య నుంచి దారం వెళ్తుంది. బయట నుంచి ఒక స్ప్రింగు, దానిమీద చేత్తో తిప్పే నట్టు. నట్టు బిగిస్తే బిళ్లలు దగ్గరవుతాయి, దారం బిగుస్తుంది. ఇదంతా ఒక కడ్డీ మీద గుచ్చి ఉంటుంది. ఆ కడ్డీ మధ్యలో బెజ్జం. ఆ బెజ్జంలో మన పిన్ను.

మీరు ఫుట్ ఎత్తగానే లోపల ఒక చిన్న లివర్ కదిలి పిన్నుని ముందుకి తోస్తుంది. పిన్ను వెళ్లి స్ప్రింగుకీ బిళ్లలకీ మధ్య ఉన్న వాషర్‌ని నెడుతుంది. స్ప్రింగు బరువు బిళ్లల మీద నుంచి లేచిపోతుంది. దారం ఫ్రీ. గుడ్డ బయటికి లాగి దారం కత్తిరించుకోవచ్చు. ఫుట్ దించగానే పిన్ను వెనక్కి, బిళ్లలు మళ్లీ దగ్గరికి.

బీటెక్ వాళ్లకి ఇప్పటికే నవ్వొస్తూ ఉండాలి. త్రెడ్, లాక్, రిలీజ్. మనం ప్రోగ్రామింగ్‌లో చదువుకున్న మాటలే. లాక్ పట్టుకున్నవాడు టైముకి వదలకపోతే సిస్టమ్ మొత్తం హ్యాంగ్. ముందే వదిలేస్తే డేటా ఖరాబు. ఇక్కడా అంతే. పిన్ను ఆలస్యంగా వదిలితే సూది వంగుతుంది. ముందే వదిలితే కుట్టు పాడవుతుంది.

నేను చేసిన తప్పు

మా పెద్దమ్మది రేపల్లె. జాకెట్లు కుడుతుంది. ఆమె దగ్గరున్నది నల్లటి సింగర్, టైలర్ షాపుల్లో వాడే పెద్ద రకం. ఒక షాపు మూసేస్తుంటే సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మనం కదిలించాలంటే రెండు చేతులూ, కాస్త నడుమూ కావాలి.

ఒకరోజు ఫోను చేసింది. "ఒరేయ్, మిషను కింద దారం ఉండలు కడుతోందిరా. షాపులో చూపిస్తే ఇది పాత సామాను, స్క్రాప్‌కి వేసి కొత్తది తీసుకోండమ్మా అన్నారు" అంది. కొత్తది కొనాలంటే కొన్ని నెలల జాకెట్ల డబ్బు. నాకేమో ఇంజినీర్‌ననే ధీమా. నేనొస్తా ఉండు అన్నాను.

వెళ్లి విప్పాను. ఫుట్ దించినా బిళ్లలు పూర్తిగా మూసుకోవట్లేదు. అంటే పిన్ను వాటిని తోసే ఉంచుతోంది. ఆన్‌లైన్‌లో అదే మోడల్‌కి అని ఒక కొత్త పిన్ను తెప్పించాను. పాతదాని పక్కన పెట్టి చూస్తే పాతది కాస్త పొడుగు. దొరికింది బగ్గు అనుకున్నాను. పాతదాన్ని ఆకురాయితో అరగదీసి కొత్తదానంత చేసి పెట్టాను. ఉండలు మాయం! పెద్దమ్మ కాఫీ ఇచ్చింది, నేను ఫొటో పెట్టుకున్నాను.

రెండ్రోజులకి మళ్లీ ఫోను. "ఉండలు పోయాయి గానీ గుడ్డ తీస్తుంటే దారం తెగుతోంది, సూదులు వంగిపోతున్నాయి" అని. ఫుట్ ఎత్తినా ఇప్పుడు బిళ్లలు తెరుచుకోవట్లేదు. పిన్ను పొట్టిదైపోయింది కదా.

అప్పుడు టెన్షన్ భాగం మొత్తం విప్పి కవర్లో వేసుకుని, మిషను తలని కారు డిక్కీలో పెట్టుకుని తెనాలిలో ఒక పాత మెకానిక్ మాస్టారి దగ్గరికెళ్లాను. ఆయన పిన్నుని వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఎవరు బాబూ దీన్ని అరగదీసింది?" అన్నారు. నేనేనండీ అన్నాను. "ఇది సైకిల్ స్పోక్. ఎవరో మెకానిక్కు ఈ మిషనుకి కొలిచి చేసుకున్నాడు. కంపెనీ పిన్నుతో పోల్చి కోసేశావు నువ్వు."

తర్వాత మూడు ముక్కల్లో మొత్తం చెప్పారు. బాడీ సింగర్‌ది. కడ్డీ, బిళ్లలు లూధియానావి, ఎప్పుడో మార్చారు. ఆ కడ్డీ ఒరిజినల్ కంటే కాస్త పొడుగు. అందుకే పిన్ను కూడా పొడుగ్గా చేశారు. అసలు రోగం పిన్నులో లేదు. వెనక ఉన్న లివర్ దగ్గర దుమ్ము, గడ్డకట్టిన నూనె చేరి అది వెనక్కి రావట్లేదు. నేను లక్షణాన్ని నయం చేసి రోగాన్ని వదిలేశాను. పైగా ఇంకొకరి పనితనాన్ని ఆకురాయికి అప్పజెప్పాను.

ఆ రోజు నుంచి నాకొక ప్రశ్న పట్టుకుంది. స్కాట్లండ్‌లో చేసిన మిషను రేపల్లెకి ఎలా వచ్చింది? దానిలోకి లూధియానా ఎలా చేరింది? సైకిల్ స్పోక్ ఎలా చేరింది?

రెండు ప్యారిస్‌ల కథ

1830లో ఫ్రాన్స్‌లో బార్తెలెమీ తిమోనియే అనే దర్జీ ఒక కుట్టు మిషనుకి పేటెంట్ తీసుకున్నాడు. ప్యారిస్‌లో వర్క్‌షాపు పెట్టి సైనికుల యూనిఫాంలు కుట్టించాడు. మా పొట్ట కొడుతున్నాడని మిగతా దర్జీలు గుంపుగా వచ్చి మిషన్లు పగలగొట్టారు. ఆ తర్వాత అమెరికాలో 1846 సెప్టెంబరు 10న ఎలియాస్ హోవ్ లాక్ స్టిచ్ మిషనుకి పేటెంట్ తీసుకున్నాడు. 1851 ఆగస్టు 12న ఐజాక్ సింగర్‌కి పేటెంట్ వచ్చింది. సింగర్ మిషనులో సూది నిలువుగా కదులుతుంది, గుడ్డని పైనుంచి స్ప్రింగు బలంతో ఒక పాదం నొక్కి పట్టుకుంటుంది. మన ఫుట్ అక్కడి నుంచి వచ్చిందే. పేటెంట్ల మీద వీళ్లంతా ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్టుకుని చివరికి 1856లో రాజీపడి పేటెంట్లన్నీ ఒకచోట కలిపేశారు.

అదే రోజుల్లో ఇక్కడ ఏం జరుగుతోంది? సింగర్ పేటెంట్ వచ్చిన మరుసటి ఏడే బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని మొదలైంది. 1855కి పూర్తయింది. కాలవలు తవ్వారు. తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు పొలాలకి నీళ్లొచ్చాయి. వరి పండింది. వరితో చేతిలో డబ్బు ఆడింది. తెనాలి ఊరి మధ్యనుంచి ఇప్పటికీ పారే మూడు కాలవలు ఆ కథలో భాగమే.

తర్వాత రైలు. 1899లో బెజవాడ నుంచి మద్రాసుకి లైను కలిసింది. తెనాలి, బాపట్ల రెండూ ఆ దారిలోనే ఉన్నాయి. 1916లో రేపల్లె దాకా బ్రాంచి లైను వచ్చింది. మద్రాసు రేవులో దిగిన పోత ఇనప మిషను ఎడ్లబండి ఎక్కకుండానే డెల్టా నడిబొడ్డుకి రాగలిగింది అన్నమాట.

కానీ రైలుంటే సరిపోదు, కొనేవాడి దగ్గర డబ్బుండాలి. సింగర్ కంపెనీ 1856 నుంచే వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టింది. కొంచెం కట్టి తీసుకెళ్లు, కుట్టుకుంటూ మిగతాది కట్టు. మన ఫోన్ల ఈఎంఐకి తాతగారు అనుకోండి. ఇండియాలోనూ అదే పద్ధతి. ఒక దర్జీ తన జీవితంలో కొన్న మొదటి యంత్రం చాలాసార్లు ఇదే.

దీనికి సాక్ష్యం మన భాషలోనే ఉంది. వడ్లు ఆడించే యంత్రాన్ని మిల్లు అన్నాం. నీళ్లు తోడేదాన్ని మోటారు అన్నాం, ఇంజను అన్నాం. ఏ విశేషణం లేకుండా మిషను అంటే మాత్రం కుట్టు మిషనే. "మా అమ్మాయి మిషను నేర్చుకుంటోంది" అంటే ఏ మిషను అని ఎవరూ అడగరు. ఎన్ని యంత్రాలొచ్చినా ఆ పేరు దీనికే దక్కింది.

ప్యారిస్‌లో దర్జీలు మిషన్లు పగలగొట్టారని చెప్పా కదా. మన ఆంధ్రా ప్యారిస్ తెనాలిలో దర్జీలు వాటిని అరుగుల మీద పెట్టి, దసరాకి పసుపు కుంకుమ పెట్టి పూజ చేశారు. ఇప్పటికీ చేస్తున్నారు.

గాంధీగారు ఇచ్చిన మినహాయింపు

ఇక్కడొక విచిత్రం ఉంది. 1921లో బాపట్ల పక్కనే చీరాల, పేరాల ఉద్యమం. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో జనం ఇళ్లు వదిలి రామనగర్‌లో పాకలేసుకున్నారు. విదేశీ బట్ట వద్దు, ఖద్దరు కట్టు అనే రోజులు. 1929 వేసవిలో గాంధీగారు ఖద్దరు నిధి కోసం ఆంధ్ర జిల్లాలన్నీ తిరిగారు.

సరే, ఖద్దరు చొక్కా ఎవరు కుడతారు? దర్జీ. దేనిమీద? అప్పటికి మన దేశంలో కుట్టు మిషన్లు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీ లేదు. సింగర్, కాదంటే జర్మనీవో ఇంగ్లండ్‌వో. అంటే స్వదేశీ బట్టని విదేశీ మిషను కుడుతోంది.

గాంధీగారిని ఇదే అడిగారు. యంత్రాలన్నిటికీ మీరు వ్యతిరేకమా అని. 1924లో యంగ్ ఇండియాలో వచ్చిన ఆ సంభాషణలో ఆయన సింగర్ కుట్టు మిషనుని మినహాయించారు. మనిషికి నిజంగా పనికొచ్చే కొద్ది వస్తువుల్లో ఇదొకటన్నారు. భార్య చేత్తో కుడుతూ పడే కష్టం చూడలేక సింగర్ దీన్ని చేశాడని ఆయన నమ్మకం. సింగర్ నిజ జీవితం అంత ముచ్చటైనది కాదు, అది ఇంకో ఎపిసోడ్‌కి సరిపడా ఉంది. కానీ గాంధీగారి వాదన ముఖ్యమైనది. మనిషి చేతిలో పని లాగేసుకునే యంత్రం వేరు, మనిషి చేతికి శ్రమ తగ్గించే యంత్రం వేరు అని. అలాంటి మిషన్లు చేసే ఫ్యాక్టరీ ఎలా అని అడిగితే, అవి ప్రజలవిగానో ప్రభుత్వానివిగానో ఉండాలన్నారు.

ఒక మిషను, మూడు ఊళ్లు

ఇప్పుడు మా పెద్దమ్మ మిషను దగ్గరికి వద్దాం. దాని మోడల్ నంబరు 31కె. సింగర్‌లో 31వ తరగతి టైలర్లకీ ఫ్యాక్టరీలకీ చేసింది. అమెరికాలో చేసిన 31-15ని పవర్ టేబుల్ మీద పెడితే నిమిషానికి 2200 కుట్లు వెయ్యగలదు. చివరి కె అంటే కిల్‌బౌవీ. స్కాట్లండ్‌లో క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్లో సింగర్ ఫ్యాక్టరీ ఉన్న చోటు. 1885లో తెరిచారు, 1980లో మూసేశారు. 1941 మార్చిలో జర్మన్ బాంబులు పడి ఫ్యాక్టరీ కలప యార్డు తగలబడింది కూడా. ఫ్యాక్టరీ పోయింది గానీ ఆ ఊళ్లో సింగర్ పేరుతో రైల్వే స్టేషన్ ఇప్పటికీ ఉంది. రేపల్లెలో మిషను, అక్కడ స్టేషను, రెండూ మిగిలాయి.

1930లలో కలకత్తాలో జై ఇంజనీరింగ్ వర్క్స్ ఉషా మిషన్లు మొదలుపెట్టింది. బిషన్ దాస్ బసిల్ అనే ఆయన తన కూతురి పేరు పెట్టారు. 1938లో లాలా శ్రీరామ్ ఆ కంపెనీని తీసుకుని పెద్దది చేశారు. స్వాతంత్య్రం వచ్చాక దిగుమతులు కష్టమయ్యాయి. ఉషా పెరిగింది. పంజాబ్‌లో లూధియానా చుట్టూ మిషన్లు, స్పేర్ పార్టులు చేసే చిన్న చిన్న వర్క్‌షాపులు పుట్టుకొచ్చాయి. వీళ్లలో చాలామంది చేసింది సింగర్ డిజైన్లకి దగ్గరి నమూనాలే. దాంతో సింగర్ పార్టు ఉషాకి, ఉషాది సింగర్‌కి, లూధియానాది అన్నిటికీ సరిపోతుంది.

సరిపోతుంది అంటే దాదాపు సరిపోతుంది. కిటుకంతా ఆ దాదాపులోనే ఉంది.

టెన్షన్ రిలీజ్ అనేది ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబడ్డ ముక్కల ఆట. లివర్, పిన్ను, కడ్డీ, వాషర్, బిళ్లలు. ఒక్కో దాంట్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా అన్నీ కలిపితే పెద్ద తేడా అవుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అన్నీ ఒకచోట చేసినవి కాబట్టి కుదిరాయి. తర్వాత ఒక మెకానిక్కు బిళ్లలు మార్చాడు. పదేళ్లకి ఇంకొకాయన కడ్డీ మార్చాడు. ప్రతిసారీ ఆ తేడాలన్నీ ఎక్కడో ఒకచోట సర్దాలి. మిషను మొత్తంలో తేలిగ్గా చేసుకోగలిగే ముక్క పిన్నే కాబట్టి, లెక్కంతా దానిమీదే సర్దారు. అందుకే పాత మిషనులో పిన్ను పొడవు తప్పుగా కనిపిస్తే అది తప్పు కాకపోవచ్చు. ఆ మిషనుకి ఇన్నేళ్లలో జరిగిన రిపేర్లన్నిటి మొత్తం అది. మా పెద్దమ్మ మిషనులో స్కాట్లండ్, లూధియానా, మన డెల్టాలో ఎవరో పేరు తెలియని మెకానిక్కు, ముగ్గురూ ఉన్నారు. నేను ఒక్క గంటలో మూడోవాణ్ణి చెరిపేశాను.

మాస్టారు ఎలా సరిచేశారంటే

ఇది జాగ్రత్తగా వినండి, మీకూ పనికొస్తుంది. కరెంటు మోటారుంటే ముందు ప్లగ్గు తీసెయ్యండి.

ఆయన దేన్నీ విప్పకముందే దారం లాగి చూశారు. ఫుట్ కింద ఉన్నప్పుడు ఒకసారి, పైకెత్తి ఒకసారి. తర్వాత నట్టు పూర్తిగా లూజు చేసి మళ్లీ చూశారు. ఫుట్ దించి ఉన్నప్పుడు పిన్ను వాషర్‌ని ముట్టుకోకూడదు. కొంచెం ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ లేకపోతే మీరు నట్టు ఎంత బిగించినా ఉపయోగం లేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఉండలు కడుతుంటే నట్టు బిగిస్తారు, ఇంకా బిగిస్తారు, తర్వాత బాబిన్ కేసు స్క్రూ తిప్పుతారు. రెండూ పాడుచేసుకుంటారు. అసలు బిళ్లలు మూసుకుంటున్నాయా అని మాత్రం చూడరు.

తర్వాత విప్పారు. నట్టు, స్ప్రింగు, వాషర్, బిళ్లలు, ఏది తీస్తే అది వరసగా గుడ్డ మీద పేర్చారు. మీరైతే ఫోనులో ఒక్కో స్టెప్పుకి ఫొటో తీసుకోండి. వాషర్ తిరగబడితే మొత్తం పని చెయ్యదు. బిళ్లల మధ్య పేరుకున్న నూగు, దారం ముక్కలు తుడిచేశారు. బిళ్లలకి నూనె పెట్టకూడదు, దారానికి మరక అంటుతుంది. లివర్ దగ్గర మాత్రం కిరోసిన్‌తో కడిగి, ఆరాక ఒక్క చుక్క మిషన్ ఆయిల్. లివర్ తనంతట తాను వెనక్కి రావడం మొదలుపెట్టింది. అసలు రోగం పోయింది.

ఇక పిన్ను. కొత్త స్పోక్ ముక్క కోశారు. కావాల్సిన దానికంటే కాస్త పొడుగ్గానే. పెట్టారు, దారం లాగారు, తీశారు, ఆకురాయితో రెండు సార్లు గీశారు, మళ్లీ పెట్టారు. ఇలా ఎన్నిసార్లో. "తగ్గించడం మన చేతుల్లో ఉంది బాబూ, పెంచడం లేదు" అన్నారు. అది నన్నే అన్నారని నాకు అర్థమైంది. చివర్న కొనని నున్నగా చేశారు, గరుగ్గా ఉంటే బెజ్జంలో పట్టేస్తుందని.

అన్ని మిషన్లకీ పిన్ను మార్చక్కర్లేదు. కొన్నిట్లో కడ్డీనే చిన్న స్క్రూతో పట్టి ఉంచుతారు. ఆ స్క్రూ లూజు చేసి కడ్డీని లోపలికి జరిపితే రిలీజ్ ముందుగా జరుగుతుంది, బయటికి జరిపితే ఆలస్యంగా. కానీ అదే కడ్డీని పక్కకి తిప్పితే దారం పట్టే సన్న తీగ స్ప్రింగు బిగువు కూడా మారిపోతుంది. అందుకని జరిపే ముందు పెన్నుతో ఒక గుర్తు పెట్టుకోండి. ఒకసారికి ఒకటే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. లివర్‌ని మాత్రం వంచకండి, పాత ఇనుము విరిగిపోతుంది.

మడత మీద వచ్చే తంటా

పని అయిపోయిందనుకుని నేను లేవబోయాను. మాస్టారు కూర్చోమన్నారు. పాత జీన్ ప్యాంటు అంచు తీసుకుని ఎనిమిది పొరల మడత మీద కుట్టారు. తిరగేసి చూపించారు. అంతా బావుంది, మడత ఎక్కే చోట మాత్రం కింద మూడు కుట్లు లూజు.

ఎందుకో చూడండి. మందంగా ఉన్న చోట గుడ్డే ఫుట్‌ని పైకి ఎత్తుతుంది. మనం లివర్ ముట్టుకోలేదు, కానీ కొన్ని మోడల్స్‌లో ఫుట్ కడ్డీ పైకి లేస్తే చాలు, లోపల రిలీజ్ కూడా కదులుతుంది. ఖాళీ మరీ తక్కువ పెడితే కుట్టు మధ్యలోనే దారం వదిలేస్తుంది. పల్చటి జాకెట్టు గుడ్డ మీద ఈ తప్పు జన్మలో కనపడదు. గోనె, కాన్వాస్, పరదా గుడ్డ, యూనిఫాం ప్యాంటు కుట్టినప్పుడు బయటపడుతుంది. డెల్టాలో టైలర్ దగ్గరికి ఇలాంటి మందపాటి పని కూడా వస్తుంది. అందుకే ఇక్కడి మెకానిక్కు పల్చటి గుడ్డ మీద చూసి పంపించడు. మాస్టారు పిన్నుని ఇంకో రెండు గీతలు తగ్గించారు. మళ్లీ కుట్టారు. మడత మీద కూడా కుట్టు నిలబడింది. ఫుట్ ఎత్తితే దారం జారింది. అప్పుడు లేచారు.

ఒక జాకెట్టు కుట్టేలోపు ఫుట్ ఎన్నిసార్లు ఎత్తుతారో మీరే లెక్కపెట్టండి. ప్రతిసారీ ఆ పిన్ను ముందుకీ వెనక్కీ. అలా ఏళ్ల తరబడి. అరుగుతుంది కదా మరి.

ఉప్పుగాలి

మన వైపు ఇంకో శత్రువుంది. బాపట్లకి సూర్యలంక, రేపల్లెకి నిజాంపట్నం. సముద్రం దగ్గర. వానాకాలం తేమ, ఉప్పుగాలి. పిన్ను ఉండేది సన్నటి బెజ్జంలో, తుడవడానికి చెయ్యి దూరదు. నాలుగు నెలలు మిషను వాడకుండా మూలన పెడితే తుప్పు పట్టి అక్కడే ఉండిపోతుంది. 1977 నవంబరు 19 తుఫాను దివిసీమని ముంచేసిన సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగితే చెప్తారు. గుంటూరు జిల్లా తీరం కూడా ఆ దెబ్బ తిన్నదే. ఉప్పునీళ్లు చేరిన ఇనుముకి ఏమవుతుందో ఇక్కడివాళ్లకి పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేదు. అందుకే వాడని మిషను కూడా నెలకోసారి చక్రం తిప్పాలి, ఫుట్ పదిసార్లు ఎత్తి దించాలి, గుడ్డ కప్పాలి. ఫుట్ కింద ఒక గుడ్డముక్క పెట్టి దించి ఉంచండి.

ఇదంతా ఇప్పుడు ఎందుకు

జూకీ అనే కంపెనీ 1938లో టోక్యోలో మొదలైంది. ఇప్పుడు మన ఊళ్లలో పవర్ మిషను ఏ కంపెనీదైనా జూకీ అనేస్తున్నారు. కొత్త వాటిలో దారం దానంతట అదే కత్తిరించుకుంటుంది. వాటిలో కొన్నిట్లో టెన్షన్ వదిలే పని కరెంటుతో కదిలే సోలినాయిడ్ చేస్తుంది, దానికి ఆర్డర్ ఇచ్చేది చిన్న బోర్డులోని ప్రోగ్రామ్. అంటే మా వృత్తివాళ్లు రాసిన కోడ్. మంచిదే. స్పీడు, శబ్దం తక్కువ. నేను కొత్తదానికి వ్యతిరేకం కాదు.

కానీ నల్ల మిషన్లు కేజీల లెక్కన పాత ఇనప కొట్టుకి పోతున్నాయి. వాటిలో చాలావాటి రోగం ఇలాంటి చిన్న పిన్నే అయ్యుండొచ్చు. కుట్టి బతికే ఆడమనిషికి స్క్రాప్ అన్న ఒక్కమాట చెప్పడం తేలిక, గంటసేపు కూర్చుని దారం లాగి చూడటం కష్టం. ఆ గంట కూర్చోగలిగేవాళ్లు పెద్దవాళ్లయిపోతున్నారు. వాళ్లకి తెలిసింది ఏ మాన్యువల్‌లోనూ లేదు. సింగర్ మాన్యువల్‌లో సింగర్ పార్టుల గురించే ఉంటుంది. లూధియానా కడ్డీ పెట్టిన సింగర్‌కి సైకిల్ స్పోక్ పిన్ను ఎంత పొడుగుండాలో ఎవరు రాస్తారు? అది తెనాలిలో ఒకాయన వేళ్లకి తెలుసు, అంతే.

మాస్టారిని వీడియోలో కనపడమని అడిగాను. వద్దన్నారు. చేతులు మాత్రం తీసుకోమన్నారు. మీరు స్క్రీన్ మీద చూసింది ఆ చేతులే. నేను అరగదీసిన పాత పిన్నుని పారెయ్యబోతుంటే మాత్రం ఆపారు. "ఉంచు. ఇంకో మిషనుకి ఇంతే కావాల్సి రావచ్చు" అని డబ్బాలో వేసుకున్నారు. ఆ డబ్బాలో అలాంటివి బోలెడు పిన్నులున్నాయి, ఒక్కోటి ఒక్కో పొడవు.

మీకు నేనిచ్చే హోంవర్క్. ఇంట్లో పాత మిషను ఉంటే దాని మీదున్న నంబరు ఫొటో తియ్యండి. సింగర్ అయితే నంబరు ముందు ఇంగ్లీషు అక్షరం ఉందా చూడండి, ఉంటే అది 1900 తర్వాతది. ఎవరు కొన్నారు, ఎక్కడ కొన్నారు, ఎవరు రిపేరు చేసేవాళ్లు, అమ్మనో అమ్మమ్మనో అడిగి ఫోనులో రికార్డు చెయ్యండి. మీ ఊళ్లో మిషను మెకానిక్కు ఉంటే ఆయన ఒప్పుకుంటేనే ఆయన పని వీడియో తియ్యండి. విప్పే ముందు, విప్పాక, బిగించాక. పిన్ను పొడవు కొలిచి రాసిపెట్టుకోండి. నాలాగా ముందు ఆకురాయి పట్టుకోకండి.

పెద్దమ్మ మిషను ఇప్పుడు బాగా నడుస్తోంది. దసరాకి వెళ్తే దానికి బొట్టు పెట్టి, నాకు ఒక షరతు పెట్టింది. "భోజనానికి రా, కబుర్లకి రా. స్క్రూడ్రైవర్ మాత్రం తేకురా."

ఎపిసోడ్ నచ్చితే మిషను కుట్టేవాళ్లు ఒక్కరికైనా పంపించండి. మళ్లీ కలుద్దాం. ఉంటాను.